ఒక పొయ్యికి ఒక్కరే

మా యారాలి కూతురికి మిద్దె బడిలో జాగా దొరికిన సాయంత్రం నేను పప్పులో ఉప్పు వేయలేదు. మరిచిపోయి కాదు. వేయబుద్ధి కాలేదు. ఆ రోజు వంట నా వంతు. అందరూ సంబరంగా కంచాల ముందు కూర్చున్నారు. మా బావ రెండు ముద్దలు మింగి నీళ్లు తాగాడు. మా ఇంటాయన నా వైపొకసారి చూసి తల దించుకున్నాడు. మా అత్త మాత్రం ముద్దను నెమ్మదిగా నమిలి, నా మొఖం చూడకుండానే అంది.

“ఇయ్యాల పప్పు అలిగినట్టున్నది.”

యారాలు లేచి ఉప్పు డబ్బా తెచ్చింది. అందరి కంచాల్లో చిటికెడు చిటికెడు వేసింది. నా కంచంలో కూడా వేసింది. ఆ చిటికెడు ఉప్పు మీద వచ్చినంత మంట నాకు ఆ జాగా మీద కూడా రాలేదు.

యారాలంటే తోడికోడలు. ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలు. అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో సాంచెలు నడుపుతారు. మరమగ్గాలను మా దిక్కున సాంచెలంటారు. ఒకరిది పగలు షిఫ్టయితే ఇంకొకరిది రాత్రి. అందుకని మా ఇంట్లో ఎప్పుడు చూసినా ఒక మగమనిషి నిద్రపోతూనే ఉంటాడు. మేమిద్దరం ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతాం. కరీంనగర్ నుంచి బస్సులో ఒక కునుకు తీసేంత దూరం మా ఊరు. నేను పుట్టింది ఆదిలాబాద్ అవతల, పత్తి చేల మధ్య, మరాఠీ మాటలు కలిసిన ఊళ్లో. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను రొట్టెను భాకరి అంటే యారాలు కడుపు పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తే. నాకు చదువు రాలేదు గానీ, ఏదీ మరిచిపోవడమూ రాలేదు.

మాకు ఇద్దరికీ ఒక్కో ఆడపిల్ల. ఆమె బిడ్డ ఎండాకాలంలో పుట్టింది, నా బిడ్డ వానలు పడ్డాక పుట్టింది. ఒకే తొట్టెలలో ఊగారు. ముందు ఆమె బిడ్డ, అది దిగాక నా బిడ్డ. గౌన్లూ అంతే, చెప్పులూ అంతే. ఆమె బిడ్డకు పొట్టివైతే నా బిడ్డకు వచ్చేవి. అప్పుడు నాకేం అనిపించలేదు. అన్నదమ్ముల పిల్లలన్నాక అంతే కదా అనుకున్నాను. ఇద్దరూ పదో తరగతికి వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

మిద్దె బడి బస్టాండు వెనుక ఉంటుంది. పాత బియ్యం మిల్లు మీద రెండు గదులు. బోర్డు మీద వేరే ఏదో పేరుంది గానీ, మెట్లెక్కి పోవాలి కాబట్టి ఊరంతా మిద్దె బడి అంటుంది. ఊళ్లో కొందరు తలా ఇంత వేసుకుని నడిపిస్తారు. పదో తరగతికి వచ్చిన బీద పిల్లలను చేర్చుకుని సాయంత్రాలు చదువు చెబుతారు. పాసైతే ఆ తర్వాత కరీంనగర్‌లో ఉండటానికి గది, ఫీజు, పుస్తకాలు, తిండి, అన్నీ చదువు ఒక ఒడ్డుకు చేరేదాకా వాళ్లే చూసుకుంటారు. దాన్ని నడిపించేది మేడం. బస్టాండు ముందు గాజుల దుకాణం వాళ్ల ఆడబిడ్డ. సర్కారు బడిలో చెప్పి రిటైరయింది. ఆమెకు ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపమొస్తే రెండూ.

మా ఇంట్లో పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. మా ఇంటాయన ముందే తేల్చేశాడు. “పది అయితే సాలు. తర్వాత నీ పక్కన కూసొని బీడీల ఆకు కత్తిరిస్తది,” అన్నాడు. చెడ్డవాడు కాదు. సాంచె ముందు నిలబడి నిలబడి అంతకంటే దూరం కనబడదు ఆయనకు. నా బిడ్డ ఆకు కత్తిరిస్తుంటే నేను దాని వేళ్ల వైపు చూసేదాన్ని. కత్తెర పట్టి పట్టి నా బొటనవేలి దగ్గర ఒక కాయ కాసింది. నా బిడ్డకు అప్పటికి ఇంకా కాయలేదు. ఆ వేలు అలాగే ఉండాలంటే దానికి ఆ మిద్దె మెట్లు తప్ప వేరే దారి లేదు. నాకు కావలసింది అదొక్కటే.

పిల్లలను తీసుకుని మేమిద్దరం కలిసే పోయాం. మేడం బల్ల వెనుక కూర్చుని ఉంది. మా నలుగురినీ చూసి అడిగింది.

“మీరిద్దరు ఒక్క ఇంటోళ్లా?”

ఇక్కడే నా నోరు నన్ను ముంచింది. మా గల్లీలో కోడలు కాపురానికి వచ్చిన ఏడాదికే అన్నదమ్ములు వేరు పడతారు. కలిసి ఉన్నది మా ఇల్లొక్కటే. పెళ్లిళ్లలో, చావుల్లో, నల్లా నీళ్ల దగ్గర, ఎక్కడైనా అదే మా గొప్ప. యారాలు నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

“ఒక్క ఇల్లే గాదు మేడం, ఒక్క పొయ్యి. నేనొచ్చిన కాన్నుంచి ఒక్కనాడు సుత వేరే ఒండుకోలే.”

మేడం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“మంచి మాటనే అమ్మా. కాని మా దగ్గర ఒక పొయ్యికి ఒక్కరే. గీ గల్లీలల్ల అవసరం లేని పోరి లేదు, మాకున్నవి గిన్నే జాగాలు. ఇంట్ల ఒక్కలు చదివితె ఆ ఇల్లు లేస్తదని గట్ల పెట్టుకున్నం. ఎవల్ని పంపుతరో మీరే మాట్లాడుకొని చెప్పున్రి.”

మెట్లు దిగుతుంటే యారాలు నా భుజం మీద చెయ్యి వేసింది. “నువ్వు జర ఆగి చెప్పకపోయినవా చెల్లె,” అంది. జాలిగానే అంది. ఆ జాలి నాకు కారం రాసినట్టు ఉంది.

ఇంటికి వచ్చాక మాట్లాడుకునేదేం లేకుండా మా అత్త చెప్పేసింది. “పెద్దదే ముందు.” అంతే. తొట్టెల నుంచి చెప్పుల దాకా ఏ లెక్క నడిచిందో అదే లెక్క. చెప్పులైతే పొట్టివయ్యాక కిందికి వస్తాయి. చదువుకునే జాగా ఎవరికి పొట్టిదవుతుంది?

ఆ పప్పు సంగతి ఆనాటిదే.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. ఆ పిల్ల సాయంత్రం కాగానే జడ వేసుకుని, మిద్దె బడి వాళ్లిచ్చిన సంచి భుజాన వేసుకుని పోయేది. ఇంత గట్టి గుడ్డతో కుట్టిన సంచి, దానికి లోపల ఇంకో అర. నా బిడ్డ నా పక్కన చాట పట్టుకుని కూర్చునేది. ఆ పిల్ల తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఉడకబెట్టి పెట్టిన శెనగ గుడాలు సగం తిని, సగం రుమాలులో మూట కట్టి తెచ్చి నా బిడ్డ చేతిలో పెట్టేది. ఇద్దరూ గడప మీద కూర్చునేవారు. అది అక్కడ నేర్చుకున్న లెక్కలు ఇక్కడ దీనికి చెప్పేది. మేడం ఇట్లా అన్నది, మేడం అట్లా అన్నది అని మాటకు ముందొక మేడం, వెనకొక మేడం. నా బిడ్డ నోరు తెరుచుకుని వినేది. ఒకప్పుడు నేను బీడీలు చుడుతూ మా ఊరి ముచ్చట్లు చెబితే ఆ నోరు అట్లాగే తెరుచుకునేది.

ఒకనాడు ఇక ఆగలేకపోయాను.

“లే లోపటికి. ఎంగిలి గుడాలు తింటివి, ఎంగిలి సదువు సుత తింటవా?”

ఆ పిల్ల బిత్తరపోయి సంచి సర్దుకుంది. లోపల బియ్యం చెరుగుతున్న యారాలి చాట ఆగిపోయింది. ఒక్క క్షణం. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది, ఇంకొంచెం గట్టిగా.

మర్నాడు పొద్దున్నే నేను గాజుల దుకాణానికి పోయాను. మేడం అక్కడే ఉంది, ఎవరికో గాజులు తొడుగుతోంది. ఆమె చేతులు ఖాళీ అయ్యేదాకా నిలబడి అడిగాను.

“మేడం, ఒక పొయ్యికి ఒక్కరే అన్నరు గదా. పొయ్యిలు రెండైతే?”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “పోరి కోసం ఇల్లు పగలగొడ్తవా?”

“ఇల్లు గాదు మేడం. పొయ్యే.”

“అరె, రెండు ఒక్కటే అమ్మా. గిసుంటి పొయ్యిలు నేను మస్తు చూసిన. మేమొచ్చే నాడు అంటుకుంటయి, పోంగనే ఆరిపోతయి. కలిసి తినుకుంట వేరున్నమని చెప్పుడు నాకు నచ్చదు. నిజంగ వేరుంటె సరే. దసరా పోనీ. నడుమల మానేసెటోళ్లు ఒకరిద్దరు ఉంటరు, జాగా ఉంటది. నేనొచ్చి చూస్త. చెప్పి మాత్రం రాను.”

అంటే ఉత్తుత్తి పొయ్యి పనికిరాదు. నిజంగానే వేరు పడాలి. సరే, నిజంగానే పడదామనుకున్నాను.

ఆ మాట చెప్పినప్పుడు మా ఇంటాయన తింటున్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. “మా అన్నతోని వేరు పడాల్నా నేను?” అన్నాడు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అందరినీ వదిలి యారాలి మొఖమే చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. వద్దు చెల్లె అని చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. ఆమె ఇంత పప్పు కలుపుకుని, ఒక ముద్ద మింగి అంది.

“పడదాం. ఏమాయె.”

అంత తొందరగా ఒప్పుకుంది! ఎన్నాళ్ల నుంచి మనసులో పెట్టుకుందో మరి! వేరు పడదామన్నది నేనే అయినా, నన్ను వదిలించుకున్నది ఆమే అయినట్టు అనిపించింది.

పంపకాల రోజు మా అత్తే పెద్దమనిషి. గంజులు, గిన్నెలు, చెంచాలు అన్నీ వాకిట్లో పరిచి రెండు కుప్పలు చేసింది. పెద్ద ఇత్తడి గంజు పెద్దదానికి, రోలు నాకు. మామిడికాయ తొక్కు జాడి దగ్గర ఆగింది. ఆ తొక్కు ప్రతి ఎండాకాలం యారాలే పెడుతుంది. ఆమె చెయ్యి పడితే కాయ ఏడాదంతా గట్టిగా ఉంటుంది. గల్లీలో పెళ్లయినా, శ్రీమంతమైనా ఆ తొక్కు కోసం గిన్నెలు పట్టుకుని వస్తారు. నా తొక్కు కోసం ఎవరూ ఎప్పుడూ రాలేదు. మా అత్త జాడి మూత తీసి, గరిటెతో సగం తీసి నాకు పోసింది. పోస్తుంటే ఆమె కళ్లు నీళ్లు పెట్టుకున్నాయి, కారం ఘాటుకని చెప్పింది.

మా దిక్కున పాత పొయ్యిలో నిప్పు తీసుకుపోయి కొత్త పొయ్యి అంటించాలి. అప్పుడే రెండో పొయ్యి మొదటి పొయ్యికి పగ కాదంటారు. ఇప్పుడేమో గ్యాసు పొయ్యిలాయె, నిప్పు ఎక్కడిది? మా అత్త వినలేదు. ఒక పుల్లను యారాలి పొయ్యి మంటకు అంటించి, చెయ్యి అడ్డం పెట్టుకుని, గాలికి ఆరకుండా వాకిలి దాటించి, పక్క అర్రలో నేను కొత్తగా పెట్టుకున్న పొయ్యి దగ్గరికి తెచ్చింది. నేను గ్యాసు తిప్పాను. అంటుకుంది. పాలు పొంగించాను. యారాలు గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. లోపలికి రమ్మని నేను పిలవలేదు, ఆమె రాలేదు.

తర్వాత మా అత్త తన సంగతి చెప్పింది. వేరు పడిన ఇళ్లలో ముసలివాళ్లు నెల ఇక్కడ, నెల అక్కడ తింటారు. మా అత్త అందుకు ఒప్పుకోలేదు.

“నేను వంతుల తిన. నేనేమన్న సాంచెనా, పాళ్లు పంచుకోను? ఏ పొయ్యి వాసన మంచిగస్తె ఆ దిక్కు కూసుంట.”

ఆ ఒక్క మాటతో మా రెండు పొయ్యిలకూ జాతర పెట్టింది. పొద్దున లేస్తే పోటీ. అక్కడ తిరగమాత చిటపటలాడితే ఇక్కడ నా కడుపులో చిటపటలాడేది. ఆమె చింతచిగురు వేసి పప్పు చేస్తే మా అత్త ముక్కు అటు తిరిగేది. నేను ఊరుకోలేదు. మా అమ్మగారి ఊరి జొన్న రొట్టె చేతులతో తట్టి, పచ్చిమిరపకాయలూ ఎల్లిపాయలూ పెనం మీద కాల్చి, పంచుకున్న ఆ రోట్లోనే దంచి ఠేచా చేసేదాన్ని. ఆ ఘాటుకు గల్లీ అంతా తుమ్మేది. మా అత్త కర్ర పట్టుకుని మెల్లగా ఇటు వచ్చేది. కూర్చుని, రొట్టె విరిచి, ఇంత ఠేచా అద్దుకుని తిని, “మస్తుగున్నది బిడ్డా” అనేది. నా మనసు నిండేది. అంతలోనే అవతలికి కేకేసేది.

“ఓ పెద్దదానా, ఇంత తొక్కు తేరాదు, రొట్టెల్లకు!”

నిండిన మనసు అక్కడే ఒలికిపోయేది.

మాటలు కూడా వేరు పడ్డాయి. ముందు మేమిద్దరం ఒకే తొట్టిలో ఆకు నానబెట్టి, ఎదురెదురుగా కూర్చుని చుట్టేవాళ్లం. ఇప్పుడు ఆమె వాకిట్లో, నేను అర్రలో. ఏమన్నా చెప్పాలంటే మా అత్త చెవిలో వేయడమే. “అత్తా, నల్లా వచ్చిందని చెప్పు.” “అత్తా, ఇన్నమని చెప్పు.” మా అత్త ఇద్దరి మధ్య కూర్చుని, “నేను పోస్టుమాస్టర్నాయె ముసలితనంల” అని నెత్తి కొట్టుకునేది.

నా బిడ్డే నన్ను నిలదీసింది ఒకనాడు.

“అవ్వా, ఇదంత నా కోసం చేస్తున్నవా, పెద్దవ్వ మీద చేస్తున్నవా?”

“రెండు,” అన్నాను. అబద్ధమెందుకు?

“మరి అక్క తోని మాట్లాడద్దంటవా?”

“మాట్లాడు. గుడాలు మాత్రం తినకు.”

అది నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. అయినా సాయంత్రమయ్యేసరికి దాని కళ్లు గల్లీ మలుపు దిక్కే ఉండేవి. అక్క ఎప్పుడొస్తుందా, ఈ రోజు ఏం చెప్పారో అడుగుదామా అని. చాటలో బీడీ చుడుతూనే ఏదో లెక్క పెదవులతో చదువుకునేది. ఆ పెదవులను చూసినప్పుడల్లా దసరా ఎప్పుడొస్తుందా అనుకునేదాన్ని.

దసరా వచ్చింది, పోయింది. మేడం రాలేదు. నేను రోజూ పొద్దున్నే పొయ్యి తుడిచి, గిన్నెలు తళతళా తోమి, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడికేట్టు చూసుకునేదాన్ని. ఆమె ఎప్పుడొచ్చినా నా పొయ్యి మండుతూ కనబడాలి. మంటే కదా సాక్ష్యం.

పండుగ పోయాక ముసురు పట్టింది. అకాల వాన, ఆగకుండా. ఆ పొద్దున బియ్యం కడిగి గంజు పొయ్యి మీద పెట్టి తిప్పితే గ్యాసు బుస్సుమని ఆగిపోయింది. సిలిండర్ ఊపి చూశాను. పడుకోబెట్టి చూశాను. లేదు. కట్టెలతో వండుదామంటే వాకిట్లో ఉన్నవన్నీ తడిసి ముద్ద. పిల్ల ఆకలితో బడికి పోవాలి. నేను గంజు ముందు కూర్చుని ఆలోచిస్తుంటే మా అత్త వచ్చింది. సంగతి చూసింది. ఏమీ అడగకుండా గంజు ఎత్తుకుంది.

“అత్తా, వద్దు!”

“నోర్మూయి. పోరి తినాలె గద.”

ఆ ముసలి చేతులతో గంజు మోసుకుని వాకిలి దాటి యారాలి పొయ్యి మీద పెట్టింది. ఒక పక్క ఆమె కూర, ఇంకో పక్క నా అన్నం. యారాలు అప్పుడు వెనుక బట్టలు పిండుతోంది. నేను సిగ్గుతో ఆమె గుమ్మం లోపల నిలబడ్డాను. వేరు పడ్డాక ఆ గడప దాటడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడు వాకిట్లో గొడుగు ముడిచిన చప్పుడైంది.

“ఏమ్మా, ఇంట్లున్నరా?” మేడం.

మేడం చెప్పులు విడిచి, తడిసిన చీర అంచు పిండుకుంటూ, ముందు నా అర్రలోకి తొంగి చూసింది. చల్లని పొయ్యి. ఖాళీ. తర్వాత ఇటు వచ్చింది. ఒకే పొయ్యి, రెండు మంటలు, రెండు గిన్నెలు. ఆమె చూపు ఆ రెండు గిన్నెల మీద నిలబడిపోయింది.

“అచ్ఛా,” అంది. అంతే. గొంతులో కోపం కూడా లేదు. ఇలాంటివి చూసి చూసి అలసిపోయినట్టు ఉంది.

నా బిడ్డ గోడకానుకుని నిలబడి ఉంది. జడ సగమే వేసుకుంది. దాని మొఖంలో రంగు పోవడం నేను చూశాను. గ్యాసు అయిపోయిందని చెబితే ఎవరు నమ్ముతారు? సరిగ్గా ఈ రోజే అయిపోయిందా అంటారు.

అప్పుడు వెనుక తలుపులోంచి యారాలు వచ్చింది. చేతుల నుంచి సబ్బు నురగ కారుతోంది. పొయ్యి చూసింది, గంజు చూసింది, నన్ను చూసింది.

“ఎవల గంజు గిది?”

నేను మా అత్త వైపు చూశాను.

“అడుగుతున్న! ఎవలిని అడిగి నా పొయ్యి మీద పెట్టిన్రు? నా గ్యాసు ఏమన్న ఉత్తగస్తుందా?”

అంతమందిలో, మేడం ముందు! నాకు నెత్తురు నెత్తికెక్కింది. భయం ఎక్కడికి పోయిందో పోయింది.

“అత్త పెట్టింది. నీ పొయ్యి నాకెందుకు? నా గ్యాసు అయిపోయింది గనుక గింత సేపు—”

“అయిపోతె కొనుక్కోవాలె! రొట్టెలు గాల్చి గాల్చి పొద్దుమూకుల మండిస్తివి, అత్తను గుంజుకోనీకె. అయిపోదా మరి?”

“నేను గుంజుకున్ననా? రెండు తొక్కు ముక్కలు ఆశ చూపి నా కంచం ముందటి నుంచి లేపుకపోయింది ఎవలు?”

“నా తొక్కు, నా ఇష్టం! పొయ్యి వేరంటివి, పంచుకుంటివి, నా బిడ్డ తెచ్చిన గుడాలను ఎంగిలంటివి. గిప్పుడు నా మంట కావాల్నా? దించు గంజు!”

“దించుత! నీ మంట మీద ఉడికిన అన్నం నా బిడ్డకు అరుగది!”

కొంగుతో పట్టుకుని గంజు దించబోయాను. ఆమె కూడా పట్టుకుంది. గంజి చింది ఇద్దరి చేతుల మీదా పడింది. ఇద్దరం అమ్మా అన్నాం. లోపల రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మా బావ లేచి కూర్చుని, “ఏంది, సాంచె ఆగిందా?” అని అడిగాడు. మా అత్త గోడవారన చతికిలబడి, “సూడు మేడం, సూడు, నా బతుకు,” అంది.

మేడం నవ్వడం మొదలుపెట్టింది. ముందు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత అది కూడా తీసేసి నవ్వింది.

“బస్, బస్! చాలు. గింత కొట్లాట ఒక ఇంట్ల ఉండదమ్మా. గివి రెండిండ్లే. పక్కా రెండిండ్లు.” నా బిడ్డ దిక్కు తిరిగింది. “బేటా, రేపు సాయంత్రం మిద్దె ఎక్కు. సంచి అక్కడనే ఇస్త. జడ పూర్తిగ ఏసుకొని రా.”

గొడుగు తెరుచుకుని ఆమె వానలో వెళ్లిపోయింది. యారాలు నా వైపు చూడకుండా బట్టల దగ్గరికి పోయింది. నేను అర్రలోకి వచ్చి చల్లని పొయ్యి ముందు కూర్చున్నాను. నా బిడ్డ నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. కాసేపటికి బయటికి వచ్చి చూస్తే, నా గడప మీద నా గంజు ఉంది. మూత పెట్టి ఉంది. తీస్తే అన్నం మెత్తగా, పదునుగా ఉడికి ఉంది.

ఆ గంజును ఇప్పటికీ రోజూ తోముతాను. తోమినప్పుడల్లా అదే ఆలోచన. ఆమె నిజంగానే కొట్లాడిందా, నా బిడ్డ కోసం కొట్లాడిందా? ఆ గొంతులో ఉన్న కసి నిజమే, నాకు తెలుసు. నా గొంతులో ఉన్నది కూడా నిజమే. కానీ అంత కసి ఉన్న మనిషి అన్నం ఎందుకు ఉడికించి పెడుతుంది? అడిగితే చెబుతుంది. నేను అడగను. నిజంగానే కొట్లాడిందంటే మేమిద్దరం సమానం. కావాలనే కొట్లాడిందంటే మాత్రం నా బిడ్డకు ఆ జాగా తెచ్చింది ఆమె. తొక్కు ఆమెది, అత్త ఆమె దిక్కు, ఇక నా బిడ్డ చదువు కూడా ఆమె పుణ్యమేనా? అంత నేను ఇవ్వలేను.

పిల్లలిద్దరూ పాసయ్యారు. నా బిడ్డకు ఆమె బిడ్డ కంటే కొంచెం ఎక్కువే వచ్చాయి. ఆ సంగతి గల్లీ అంతా తెలిసేదాకా నేను నిద్రపోలేదు. ఇంటర్ కూడా దాటి ఇప్పుడు ఇద్దరూ కరీంనగర్‌లో నర్సింగు చదువుతున్నారు. మిద్దె బడి వాళ్లే గది చూసి పెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే గది.

మొన్న ఆదివారం బిడ్డను చూడటానికి పోయాను. యారాలు ముందటి ఆదివారం పోయి వచ్చింది. మేం కలిసి పోము. గదిలో ఒక మూలన చిన్న పొయ్యి, ఒకటే మంట. దాని మీద ఒకటే గిన్నె. ఒకతి కూరగాయలు తరుగుతోంది, ఇంకొకతి బియ్యం కడుగుతోంది, ఇద్దరి నోళ్లూ ఆగడం లేదు. పాఠాలో, ఎవరి మీదో చాడీలో, నాకు అర్థం కాని మాటలు. వాళ్ల మధ్య నేను చుట్టంలా కూర్చున్నాను. మేమూ అట్లాగే ఉండేవాళ్లం ఒకప్పుడు, ఎదురెదురుగా చాటలు పెట్టుకుని. కన్నపిల్లల మీద కూడా కుళ్లుకునే రోజు వస్తుందనుకోలేదు.

అన్నంలోకి తొక్కు వేసింది నా బిడ్డ. నేను పోయిన నెలలో నా చేత్తో పెట్టి పంపాను కదా, ఆశగా నోట్లో పెట్టుకున్నాను.

“గిది ఎవలది?”

“ఇద్దరిది చిన్నవ్వా,” అంది యారాలి బిడ్డ. “మా అవ్వది, నీది కలిపి ఒక్క డబ్బల పోసినం. జాగ లేదు గద.”

“మస్తు కుదిరింది అవ్వా,” అంది నా బిడ్డ.

కుదిరింది. కారం నాది. రుచి ఆమెది. నాలుక మోసం చేయదు.

బస్సెక్కేటప్పుడు యారాలి బిడ్డ నా చేతిలో ఒక సంచి పెట్టింది. అదే సంచి, లోపల అర ఉన్నది, మిద్దె బడి వాళ్లిచ్చింది. ఇప్పుడు రంగు వెలిసింది. “మా అవ్వకియ్యి చిన్నవ్వా. మోకాళ్ల నొప్పులకు మందు. ఎట్ల రాయాల్నో నువ్వే చెప్పాలె, ఆమెకు ఫోన్ల చెప్తే సమజ్ కాదు.”

అలా ఆ గడప మళ్లీ దాటవలసి వచ్చింది. యారాలు పొయ్యి ముందు ఉంది. మందు ఇచ్చాను, ఎట్లా రాయాలో చెప్పాను. ఆమె సంచిని తడిమి చూసుకుంది.

“పోరగాండ్లు మంచిగున్నరా?”

“మంచిగున్నరు.”

“తొక్కు తిన్నవా?”

“తిన్న.”

ఆమె నా మొఖం చూసింది. నేను ఇంకేం చెప్పలేదు. ఆమె పెదవి చివర కొంచెం కదిలింది.

“కూసో. చాయ్ పెడ్త,” అంది.

“నా పొయ్యి మీద పెట్టచ్చిన అక్కా. నువ్వే రా,” అన్నాను. పెట్టలేదు నిజానికి. గబగబా వచ్చి పెట్టాను.

ఆమె కూడా పెట్టింది. రెండు పొయ్యిల మీద రెండు చాయ్‌లు మరిగాయి. ఆమె ఇటు రాలేదు, నేను అటు పోలేదు. మా అత్త వాకిట్లో, సరిగ్గా మధ్యలో మంచం వేయించుకుని కూర్చుంది. ముందు ఆమె చాయ్ తాగింది, తర్వాత నాది తాగింది. రెండు కప్పులూ బోర్లించి పెట్టింది.

“ఏది మంచిగున్నదత్తా?” అన్నాం ఇద్దరం, ఒకేసారి, రెండు గుమ్మాల నుంచి.

ముసలిది మూతి తుడుచుకుని, కళ్లు మూసుకుని మంచం మీద ఒరిగింది. ఇప్పటికీ చెప్పలేదు.